జలగ లాలాజలంలో మందు ఉందంటే జలగ వైద్యం మంచిదేనా?

సీతమ్మధార వాసి: షుగరుతో మా అన్నయ్య కాలి బొటనవేలు నల్లబడుతోంది. జలగలు పట్టిద్దామనుకుంటున్నాము. వాటి లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదని చదివాను. విశాఖలో ఎవరైనా చేయించుకున్నారా?

మద్దిలపాలెం ఫార్మసిస్టు: వద్దండి. హిరుడిన్ చేసే పని నిజమే. త్రాంబిన్ అనే ప్రోటీనును పట్టేసి పనిచేయనివ్వదు, దాంతో రక్తాన్ని గడ్డగా కట్టే ఫైబ్రిన్ దారాలు అల్లుకోవు. జలగ స్రావానికి ఈ గుణం ఉందని హేక్రాఫ్ట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1884లోనే చూపారు. 65 అమైనో ఆమ్లాల ఆ హిరుడిన్ నమూనాగా, 20 అమైనో ఆమ్లాలతో బైవాలిరుడిన్ అనే మందు తయారుచేశారు. గుండె రక్తనాళాలను బెలూనుతో తెరిచే యాంజియోప్లాస్టీ సమయంలో దాన్ని బరువును బట్టి లెక్కగట్టి నరంలోకి ఎక్కిస్తారు. జలగ ఎంత వదిలిందో ఎవరు లెక్కగడతారు?

గాజువాక మాస్టారు: జలగ లేకపోతే ఆ మందు పుట్టేదా? సుశ్రుతుడు 12 రకాల జలగలు చెప్పి, 6 విషం గలవని వేరుచేశాడు. మా ఇంట్లో ఆవిడ మోకాళ్లకు పట్టించాము, మెట్లు ఎక్కుతోంది.

ఎంవీపీ కాలనీ: ఇంతకీ బైవాలిరుడిన్‌ను జలగల నుంచి తీస్తారా?

ఫార్మసిస్టు: తీయరు. రసాయనికంగా తయారుచేస్తారు. మాస్టారూ, మోకాళ్ల నొప్పికి జలగలతో ఉపశమనం ఉందని జర్మనీలో చేసిన పరీక్ష 2003లో అచ్చయింది, నేను కాదనను. కానీ అది నొప్పి, ఇది రక్తం అందని వేలు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో జలగలను అనుమతించింది కూడా అతికించిన చర్మంలో, వేళ్లలో నిలిచిపోయిన రక్తాన్ని లాగడానికే. పైగా జలగ పేగుల్లో ఏరోమోనాస్ బ్యాక్టీరియా ఉంటుంది. షుగరు పుండులోకి అది చేరితే?

మాస్టారు: నమూనా జలగదేనని మీరే ఒప్పుకున్నారు. మన వాళ్లు చెబితే మాత్రం పనికిరాదు!

ఫార్మసిస్టు: మళ్లీ నమూనా! అక్కడ మనిషి కాలు పోతుందండీ!

సీతమ్మధార వాసి: ఆ మాటే ఆసుపత్రిలోనూ అన్నారు. వేలు తీసేయాలన్నారు, సంతకం పెట్టమన్నారు. ఎందుకని అడిగితే విసుక్కున్నారు. జలగలు పట్టే పెద్దాయన నేల మీద కూర్చుని అన్నయ్య పాదం ఒళ్లో పెట్టుకుని చూశాడు. మీరు హిరుడిన్ గురించి వాదించుకుంటున్నారు. మేము అటు వెళ్తున్నది హిరుడిన్ కోసం కాదు.

ఫార్మసిస్టు: కాలికి డాప్లర్ స్కానింగ్ చేశారా? రక్తనాళం ఎక్కడ మూసుకుందో అందులో తెలుస్తుంది. కొందరికి బెలూనుతో తెరవవచ్చు. రక్తనాళాల సర్జన్‌కు ఈరోజే చూపించండి.

సీతమ్మధార వాసి: చేయలేదు. ఆ పేరు మాకు ఎవరూ చెప్పలేదు.

మాస్టారు: స్కానింగుకు తీసుకెళ్లమ్మా. జలగల మాట తర్వాత.

సీతమ్మధార వాసి: వెళ్తున్నాము. నాళం సంగతి వివరంగా చెప్పేదాకా సంతకం మాత్రం పెట్టను.