13వ కీర్తన నాలుగో వచనం దగ్గరే ప్రార్థన ఆగిపోతోంది, ఏం చేయాలి?

అందరికీ వందనాలు. ఉంటున్నది మెట్టుగూడలో. ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఏడు వారాలుగా ఉదయం ఐదింటికి లేచి బైబిల్లోని కీర్తనలతో ప్రార్థిస్తున్నాను.

మొదట రోజుకు ఐదు చొప్పున 30 రోజుల్లో 150 ముగించాను. 176 వచనాల 119వ కీర్తన వచ్చిన రోజున ప్రార్థించానో, పేజీలు లెక్కపెట్టానో నాకే తెలియదు. తరువాత రోజుకు ఒక్కటే పెట్టుకుని పైకి చదివాను, నోటుబుక్కులో నా మాటల్లో తిరగరాశాను. 23వది చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు, అందుకేనేమో పెదవులు దాటి లోపలికి దిగదు.

చీకటితోనే ముగిసే 88వ కీర్తన మాత్రం సొంత మాటలా అనిపిస్తుంది. చిక్కంతా 13వ దానితో. ఆరే వచనాలు. ‘ఎన్నాళ్లు’ అని దావీదు నాలుగుసార్లు అడిగేంతవరకు గొంతు బాగానే పలుకుతుంది. ఐదో వచనంలో ఆయన ఉన్నట్టుండి దేవుని కృపను నమ్ముకున్నానంటాడు. అక్కడ నా నోరు ఆగిపోతుంది. పలికితే అబద్ధమాడినట్టు, మానేస్తే దేవుడి మీద అలిగినట్టు ఉంటుంది. పదకొండు రోజులుగా ఇదే తంతు. మా చర్చి కాపరిగారిని అడిగితే విశ్వాసం పెంచుకోమన్నారు. అది ఎలాగన్నదే కదా నా బాధ!

ఇలాంటి రోజులు గడిపినవారు చెప్పండి: మనసు ఒప్పకపోయినా ఐదో వచనం పలుకుతూ పోయారా, లేక నాలుగో వచనం దగ్గరే ఆగి కనిపెట్టుకుని ఉన్నారా?