ఆటోను ఆపిన చోటే గ్రానైట్ లారీని ఎందుకు ఆపరు?

గెలాక్సీ ఆటో:
చీమకుర్తి పక్క పల్లె మాది. పన్నెండేళ్లుగా ఆటో తోలుతున్నా. సోమవారం తెల్లారకముందే ఏడుగురు ఆడకూలీలను ఎక్కించుకుని పొగాకు ఆరబెట్టే బ్యారన్ పనికి పోతుంటే మలుపులో ఆపారు. ముగ్గురికే పర్మిట్టు. నలుగురు ఎక్కువ, తలకు 200 లెక్కన 800 చలానా. తప్పు నాదే, కట్టేస్తా. కానీ కానిస్టేబుల్ వస్తూనే తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు. అప్పుడే గ్రానైట్ బండ వేసుకున్న లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. బండకు గొలుసు లేదు. వెనక నంబరు మీద రాతిదుమ్ము గడ్డకట్టి ఒక్క అంకె కనపడలేదు. దానికి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎందుకని?

పెన్నా గట్టు:
లారీ సంగతి తర్వాత. ముగ్గురు కూర్చునే ఆటోలో ఏడుగురేంది అన్నా? మాది నెల్లూరు. మా బావ హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుని పోతూ మినీ బైపాస్‌లో పడిపోయాడు. తలకు తప్ప ఒంటి మీద గీత లేదు. ఆ రోజు దారిలో ఒక్క పోలీసు ఆపి వెయ్యి రూపాయలు రాసి ఉంటే మా అక్క ఈరోజు ఇట్లా ఉండేది కాదు. పోలీసు ఆపాడని ఎవరైనా ఏడిస్తే నాకు ఒళ్లు మండేది అందుకే.

కావలి మాస్టారు:
అసలు విషయం తాళం. మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలి. 206 కింద లైసెన్సు తీసుకుంటే తాత్కాలిక రసీదు ఇవ్వాలి. కొన్ని తప్పులకు 207 కింద బండినే పట్టుకోవచ్చు. తాళం పీక్కోమని మాత్రం ఎక్కడా లేదు.

ట్రంకు రోడ్డు:
డిజీలాకర్‌లో ఆర్సీ చూపిస్తే కాగితమే కావాలన్నారు నన్ను. అరగంట ఎండలో నిలబెట్టారు.

కావలి మాస్టారు:
డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో చూపించే కాగితాలు చెల్లుతాయి. 2018లోనే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రూల్ 139 మార్చారు. ఫోనులో చూపించండి, గట్టిగా అడగండి.

పెన్నా గట్టు:
మాస్టారూ, మీరు సెక్షన్లు చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెప్తా. అదే చట్టంలో 194ఏ చదవండి. ఎక్కువైన వాళ్లను దించి, వాళ్లకు వేరే బండి చూసేదాకా ఆ ఆటో కదలకూడదు. తాళం తీసుకోకపోతే కదలకుండా ఎట్లా ఆపుతారు? తాళం డ్రైవరు దగ్గరే ఉంటే బండి స్టార్టు చేసి పారిపోయే వాళ్లను నేను కళ్లారా చూశా.

కావలి మాస్టారు:
బండి కదలకూడదని ఉంది. తాళం లాక్కోమని లేదు. రెండూ ఒకటి కాదు.

పెన్నా గట్టు:
మీరు తాళం దగ్గరే ఉండండి సార్. ఆ ఏడుగురిలో ఒకరు జారి పడితే ఏ సెక్షన్ చదువుతారు?

గెలాక్సీ ఆటో:
ఏడుగురు, ఏడుగురు అంటున్నారు. ఆరింటికల్లా బ్యారన్ దగ్గర ఉండాలి. మా ఊరికి మొదటి బస్సు ఏడున్నరకు. తలకు 40 ఇస్తే నాకు 280. ముగ్గురినే ఎక్కించుకుంటే ఒక్కొక్కరు 90 పైన ఇవ్వాలి. 400 కూలిలో రానూపోనూ 180 నాకే ఇస్తే వాళ్లు ఇంటికి ఏం తీసుకుపోతారు? మీరు కార్లో పోతుంటారు. ఎవరైనా ఆపితే ఒక ఫోను కొడతారు, వదిలేస్తారు. చట్టం మీకు ముద్దుగానే ఉంటుంది.

పెన్నా గట్టు:
నోరు జాగ్రత్త. నాకు కారు లేదు. ఫోను కొట్టడానికి ఎవరూ లేరు. మా తమ్ముడు కానిస్టేబుల్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సెంటర్లో పొగ మింగుతూ నిలబడతాడు. ఇన్ని కేసులు రాయాలని పైనుంచి చెప్తారు. ఒకసారి మా వాడు ఒక పలుకుబడి ఉన్న పెద్దాయన మనుషులకు చెందిన టిప్పర్‌ను ఆపాడు. వారం తిరగకుండా వాడిని దూరంగా బదిలీ చేశారు. పిల్ల స్కూలు మధ్యలో మాన్పించాల్సి వచ్చింది. లారీ ఎందుకు ఆపలేదని అడిగారుగా, ఇదీ జవాబు.

ఒంగోలు నుంచి:
ఇదేదో మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ లేకపోయేది.

గెలాక్సీ ఆటో:
అన్నా, మీ తమ్ముడి సంగతి విని బాధేసింది. నేను అడుగుతున్నది కూడా ఇదే. లారీ బరువు ఎక్కువైతే 20,000, ఆపైన టన్నుకు 2,000 అని చట్టంలో ఉంది. రాసేవాడికి భయం. నా మీద రాయడానికి మాత్రం ఎవరి భయమూ లేదు. సరే, 800 రాయమను. మా ఊరి ఆడవాళ్ల ముందు నన్ను "రేయ్, దిగరా" అన్నాడు. నాకు నలభై నాలుగేళ్లు. ఆటోలో మా పిన్ని కూడా ఉంది. బ్యారన్ చేరేదాకా ఒక్కరూ మాట్లాడలేదు. లారీని ఆపలేకపోయినా నన్ను "ఏమయ్యా" అని పిలవొచ్చు కదా?

కావలి మాస్టారు:
చట్టాన్ని అమలు చేయాల్సిన అధికారే ఆ చట్టాన్ని తప్పితే 210బి కింద జరిమానా రెట్టింపు. మాట తీరుకు మాత్రం అందులో సెక్షన్ లేదు. నేను తాళం పట్టుకుని కూర్చున్నాను, మీరు చెప్పేది ఇదని అర్థం కాలేదు.

పెన్నా గట్టు:
రేయ్ అనడం తప్పు. మా తమ్ముడు అన్నా తప్పే. కానీ ఏడుగురిని ఎక్కించడం ఒప్పని నా చేత అనిపించలేరు. మా బావ పోయాక నావల్ల కాదు.

గెలాక్సీ ఆటో:
ఒప్పని అనమనలేదు. ఈ-చలానా ఫొటో ఇప్పుడే తెరిచా, ఇక్కడ పెడుతున్నా. నంబరు, మొహాలు చెరిపేశా. ఎడమ పక్కన చూడండి.

పెన్నా గట్టు:
చూశాను. మీ ఆటో వెనకాలే లారీ ఉంది. బండ మూల కూడా పడింది. గొలుసు లేదు. తమ్ముడికి పంపించా. నీలం టిక్కు పడింది, ఇంకా ఏమీ రాయలేదు.