బిళ్ళగన్నేరు మందు ఈస్ట్‌లో తయారైతే మన పొలం సంగతేంటి?

కొమ్ముపసుపు (దుగ్గిరాల)
మా ఊరికి ఒక కంపెనీ ఏజెంటు వచ్చాడు. ఎకరంలో బిళ్ళగన్నేరు వేయండి, ఎండిన ఆకు మేమే కొంటాం, కేన్సర్ మందుకి వాడతారు అంటున్నాడు. నాన్న సగం ఒప్పేసుకున్నాడు. గుంటూరులో బయోటెక్నాలజీ చదివే మా మేనల్లుడేమో "వద్దు మావయ్యా, ఆ మందుని ఈస్ట్‌లో, అదే రొట్టె పిండి పులియబెట్టే సూక్ష్మజీవిలో చేసేశారు, ఇంక ఆకు ఎవడు కొంటాడు" అంటాడు. రేపు పసుపుకీ ఇదే గతట. ఇలాంటి పరిశోధనకి మన ప్రభుత్వాలు డబ్బులు పెట్టాలా, వద్దా? ఆ ఏజెంటుకి నేనేం చెప్పాలి?

నీలిమందు
పెట్టకూడదు. 1897లో జర్మనీ వాళ్ళు నీలిమందుని ఫ్యాక్టరీలో చేసి అమ్మకానికి పెట్టారు. కొన్నేళ్ళకే మన దేశంలో నీలి సాగు కుదేలైంది. ఇప్పుడు అదే ఆట, ఫ్యాక్టరీ బదులు ఈస్ట్.

తెనాలి తాతయ్య
నీలి సాగు పోయిందని బీహార్‌లోని చంపారన్ రైతు ఏడ్చాడా బాబూ? ఇరవై కఠాల పొలంలో మూడు కఠాలు నీలి వేసి తీరాలని తోటల దొరలు మెడ మీద కూర్చుంటేనే కదా 1917లో గాంధీ గారు అక్కడికి వెళ్ళింది. పోలిక తెచ్చేటప్పుడు చూసుకోవాలి.

బెంచిమీద_ఈస్ట్
కొమ్ముపసుపు గారూ, మీ మేనల్లుడు చెప్పింది సగం నిజం. అమెరికాలోని బెర్క్‌లీలో జే కీజ్లింగ్ అనే శాస్త్రవేత్త బృందం 2022లో చేసి చూపించిన మాట నిజమే. ఈస్ట్‌లో 56 జన్యు మార్పులు చేశారు, చక్కెర నుంచి మందు దాకా ముప్ఫైకి పైగా మెట్లు ఎక్కించారు. ఇంతా చేస్తే ఈస్ట్ ఇచ్చింది ఆ కేన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ కాదు, దాని రెండు ముక్కలు: విండోలిన్, కాథరాంథిన్. ఆ రెంటినీ బయట రసాయనాలతో అతికించారు. అవి కూడా లీటరుకి మైక్రోగ్రాముల లెక్కనే వచ్చాయి. గ్రాముని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క మైక్రోగ్రాము.

నేను రోజూ ఈస్ట్ పెంచుతాను. పొద్దున్నే ఫ్లాస్కు మూత తీస్తే పులిసిన కల్లు వాసన కొడుతుంది. చక్కెర తినడం, పిల్లల్ని పెట్టడం, దానికి తెలిసిన పని అంతే. మనం ఎక్కించే ప్రతి జన్యువూ దానికి మోత బరువు. సందు దొరికితే దించేసుకుంటుంది. పైగా ఆ మొక్క మందు ఎక్కువైతే ఈస్ట్‌కే ఒంటికి పడకపోవచ్చు. కాబట్టి ఈ ఏడాది మీ ఆకుకి ఈస్ట్ పోటీ రాదు. పదేళ్ళ తర్వాత సంగతి మాత్రం అడక్కండి.

సూర్యారావుపేట_మందులషాపు
రైతు వైపు నుంచే మాట్లాడుతున్నారు, కౌంటర్ ఇవతల నుంచి కూడా చూడండి. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే దాదాపు 500 కిలోల ఎండాకు కావాలంటారు. అంటే నా ఫ్రిజ్‌లో ఉన్న 10 మిల్లీగ్రాముల సీసా వెనక ఐదు కిలోల ఎండాకు ఉన్నట్టు. సీసా చూస్తే నా బొటనవేలంత ఉంటుంది.

పిల్లల బ్లడ్ కేన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ కూడా ఆ మొక్కదే, ఆకులో ఇంకా తక్కువ. 2019లో అమెరికాలోనే దానికి కరువొచ్చింది. మా షాపుకి ఒకసారి ఒక తండ్రి చీటీ పట్టుకుని వచ్చాడు. ముగ్గురు డీలర్లకి ఫోన్ చేశాను, రెండు రోజులు పడుతుందన్నారు. ఆ రెండు రోజులూ ఆయన పొద్దున్న షట్టర్ తీసేసరికే వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. ఈస్ట్‌తో ఆ సీసా నిలకడగా దొరుకుతుందంటే ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిందే. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చింది ఈస్ట్‌లోనే కదా. అప్పుడు ఎవరూ అడ్డం పడలేదు.

నీలిమందు
ఆ టీకాకి పండించే రైతు లేడండీ. ఇక్కడ ఉన్నాడు.

బెంచిమీద_ఈస్ట్
రైతున్న చోట ఏమైందో చెప్తాను. మలేరియా మందు ఆర్టెమిసినిన్, మన మాచిపత్రికి చుట్టమైన మొక్కలోది. ఈస్ట్‌తో దాని ముడిపదార్థం లీటరుకి 25 గ్రాములు తీశారు. ఈ రంగంలో అది చాలా పెద్ద లెక్క. సనోఫీ అనే మందుల కంపెనీ ఇటలీలోని గరెస్సియోలో ఏడాదికి 50, 60 టన్నులు చేస్తామంది. కిలో 350 డాలర్ల పైన పడింది. అప్పటికి మొక్క నుంచి తీసిన సరుకు 250 డాలర్ల లోపే దొరుకుతోంది. 2015లో ఆ ఫ్యాక్టరీలో ఒక్క కిలో కూడా చేయలేదు. రైతే గెలిచాడు.

తెనాలి తాతయ్య
ధర పడిపోయాక గెలిచాడు. దాన్ని గెలుపంటారా నాయనా?

బెంచిమీద_ఈస్ట్
ఆ మాట ఒప్పుకుంటాను తాతగారూ.

పేటెంటు_పిచ్చోడు
అసలు సంగతి వదిలేశారు. పసుపు గాయం మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేస్తే, మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోట్లాడి 1997లో రద్దు చేయించింది. ఇప్పుడు కొమ్ము దేశం దాటక్కర్లేదు. జన్యువు అక్షరాలు కంప్యూటర్‌లో ఉంటే చాలు, అక్కడే ఈస్ట్‌లో తయారు చేసుకుంటారు. అందుకే డబ్బు పెట్టి మన దగ్గరే చేయించాలంటాను, హక్కు మన చేతిలో ఉంటుంది. (బిళ్ళగన్నేరు మనదని గొడవకి దిగకండి, దాని పుట్టిల్లు మడగాస్కర్.)

లాం_దారి
పసుపు గురించి భయపడకండి. అందులో మందుకి పనికొస్తుందనే కుర్కుమిన్ వందకి మూడు నుంచి ఐదు పాళ్ళే. యార్డుకి వచ్చే కొమ్ములూ కాయలూ చాలావరకు పోయేది కూరల్లోకి, గడపకి, పూజకి. వాటికి ఈస్ట్ పసుపు పనికిరాదు. ఒక్క మందు కోసమే అమ్ముడుపోయే పంటకే గండం, బిళ్ళగన్నేరు అలాంటిదే.

కానీ కొమ్ముపసుపు గారూ, మీది కాలవ కింద నల్లనేలా? బిళ్ళగన్నేరు ఎర్రచెలకలో, ఎండకి తట్టుకుని పెరిగే మొక్క. మేక కూడా ముట్టదు. మీ చేలో నాలుగు రోజులు నీళ్ళు నిలిచాయంటే వేరు కుళ్ళిపోతుంది. ఈస్ట్ దాకా ఎందుకు, ఒక్క వాన చాలు.

కొమ్ముపసుపు (దుగ్గిరాల)
నల్లనేలేనండీ, పోయినేడు వానకి గట్టు దాకా నీళ్ళు నిలిచాయి. ఈ సంగతి ఏజెంటు అడగనే లేదు. ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. కిలో రేటు, ఎన్నేళ్ళు కొంటారో స్టాంపు పేపరు మీద రాసిస్తే మెరక మీదున్న పది సెంట్లలో వేసి చూస్తాం. మిగతా పొలానికి నాన్న పసుపు విత్తనం కొమ్ము అప్పుడే ఏరి పక్కన పెట్టేశాడు. మేనల్లుడు తన మాటే నెగ్గిందంటున్నాడు, బిర్యానీ అడుగుతున్నాడు.