సమస్యాపూరణం: "ఓడిపోయిన జట్టుకే యుత్సవమ్ము"

నిర్వాహకుడు

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం. ఈ పాదంతో ముగిసేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

ఓడిపోయిన జట్టుకే యుత్సవమ్ము

మొన్న ఆదివారం మా కాలనీ పిల్లల ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయింది. అయినా తల్లిదండ్రులు డప్పు కొట్టించుకుంటూ పిల్లల్ని ఇంటిదాకా తీసుకొచ్చారు. నేను వాకిట్లో నిలబడి చూస్తుండగా ఈ పాదం నోటికొచ్చింది. అందుకే వస్తువు ఫుట్‌బాల్. ఏ దేశపు క్లబ్బైనా సరే, అభిమానుల గుండె పొంగిన సంగతి మాత్రం నిజంగా జరిగినదై ఉండాలి. పద్యం కింద ఆ కథ కూడా చెప్పండి. గోలు, కప్పు లాంటి మాటల్ని పద్యంలోకి ధైర్యంగా రానివ్వండి.

కొత్తవారి కోసం: పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరంతో యతి. ఈ పాదంలో ఓ, ఉ అచ్చులకు యతి చెల్లింది.

క్లైడ్ ఒడ్డు

గురువుగారికి నమస్కారం. గ్లాస్గోలో చదువుకున్నాను, సెల్టిక్ అభిమానిని.

స్పెయిను వీథుల నెనుబది వేల మంది
పచ్చ తెలుపులు ధరియించి పాడుకొనుచుఁ
గప్పు పోయినఁ జేజేలు పలుకుచుండ
నోడిపోయిన జట్టుకే యుత్సవమ్ము

2003 మే 21, సెవిల్ నగరం. యుయెఫా కప్పు ఫైనల్లో పోర్టో చేతిలో అదనపు సమయంలో 3–2తో ఓడిపోయాం. లార్సన్ రెండు గోళ్లు కొట్టినా కప్పు దక్కలేదు. ఆ ఊరికి వెళ్లిన సెల్టిక్ అభిమానులు సుమారు ఎనభై వేలమంది అంటారు. చాలామంది దగ్గర టికెట్టే లేదు. లోపలికి వెళ్లలేమని తెలిసీ వెళ్లారు. ఓడిన రాత్రి వాళ్లు నడుచుకున్న తీరుకు ఆ ఏడాది ఫిఫా ఫెయిర్ ప్లే అవార్డు అభిమానులకే ఇచ్చింది. నాకు గది అద్దెకిచ్చిన పెద్దాయన ఆ ప్రయాణం గురించి చెప్పేటప్పుడు స్కోరు ఎప్పుడూ చివర్లోనే చెప్పేవారు.

నిర్వాహకుడు

మొదటి పాదంలో స్పె–వే యతి చక్కగా కుదిరింది, ‘స్పెయిను’ న‑గణంగా సరిపోయింది. మూడో పాదంలో యతిభంగం. ‘గప్పు’కు ‘పలుకు’తో మైత్రి లేదు. "గప్పు పోయినఁ జేజేలు కానుకిడఁగ" అంటే గ–కా యతి చెల్లుతుంది, సమస్యతోనూ ‘నోడి’ అని హాయిగా కలుస్తుంది. భావానికి వంక పెట్టను. పేదపిల్లల అన్నం కోసం డబ్బు కూడబెట్టాలని 1887లో చర్చి హాల్లో పుట్టిన క్లబ్బది. ఆ ఇంటివాళ్లు ఓడిన రాత్రి కూడా మర్యాద తప్పకపోవడం నాకు వింతగా అనిపించదు.

క్లైడ్ ఒడ్డు

‘కానుకిడఁగ’ ఎంత బాగుంది గురువుగారూ! దిద్దుకున్నాను.

మెర్సీ మురిపెం

మూడు గోలులఁ దలవంచె మొదటి సగము
పాటతోఁ దట్టి లేపఁగ బంధుజనము
లోక మెఱుఁగఁగ నిస్తాంబులోన గెలిచె
నోడిపోయిన జట్టుకే యుత్సవమ్ము

లివర్‌పూల్, 2005 మే 25, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. విరామానికి ఏసీ మిలాన్ 3–0. విరామంలో అభిమానులు తమ క్లబ్బు పాట ఎత్తుకున్నారు. తర్వాత ఆరు నిమిషాల్లో మూడు గోళ్లు, చివరికి పెనాల్టీల్లో గెలుపు.

పద్యప్రియ

బాగుంది తమ్ముడూ. చిన్న సందేహం. ‘మొదటి సగము’ అని ప్రథమలో వదిలేశారు, ‘సగమునందు’ అని ఉండాలి కదా?

నిర్వాహకుడు

కాలవాచకం కాబట్టి చెల్లుతుందమ్మా. ‘ఆ రోజు వచ్చాడు’ అనమూ? అలాగే. అభిమానుల్ని ‘బంధుజనము’ అనడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

కొచ్చి కోడలు

అందరికీ నమస్తే. పుట్టింది విజయవాడ, మెట్టింది కొచ్చి. మా ఇంట్లో అందరూ కేరళ బ్లాస్టర్స్ మనుషులే.

మూఁడు తుదిపోరు లోడియు మోము విరియఁ
బసుపు కడలియై కొచ్చిలోఁ బ్రజలు పొంగఁ
గేరళమ్మునఁ గంటి నే గెలుపుకన్న
నోడిపోయిన జట్టుకే యుత్సవమ్ము

2014, 2016, 2022. మూడుసార్లు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌కు వెళ్లాం, మూడుసార్లూ ఓడాం. మూడోసారి ఓడించింది హైదరాబాద్. ఆ సాయంత్రం గోవాలోని ఫతోర్దా స్టేడియంలో మా ఆయన పక్కనే కూర్చున్నాను. పసుపు చొక్కా హైదరాబాద్‌కు వెళ్లింది, మావాళ్లు నల్ల చొక్కాల్లో ఆడారు. స్టాండ్లు మాత్రం ఎటు చూసినా మా పసుపే. 68వ నిమిషంలో మా రాహుల్ గోలు కొట్టగానే ఇక మాదే అనుకున్నాం. 88వ నిమిషంలో వాళ్ల తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో వాళ్ల గోలీ కట్టిమణి మూడు ఆపాడు. 3–1. మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు, చుట్టూ ఉన్నవాళ్లూ లేచారు. నేను తెలుగింటి పిల్లనని ఆ వరసలో అందరికీ తెలుసు. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, మీ వాళ్లు బాగా ఆడారమ్మా అంది. రెండు ఊళ్లకూ కలిపి ఏడ్చాను ఆ రోజు.

నిర్వాహకుడు

అమ్మా, పద్యం నిర్దుష్టం. ‘మోము విరియఁ బసుపు కడలి’ అన్నచోట ద్రుతసంధి కూడా శ్రద్ధగా పాటించారు. ‘గెలుపుకన్న నోడిపోయిన’ అన్న అన్వయంతో సమస్యలోని విరోధం దానంతటదే కరిగిపోయింది. ‘తుదిపోరులలో’ అని ఉంటే వ్యాకరణానికి ఇంకా నిండుగా ఉండేది కానీ, ‘మ్యాచ్ ఓడాం’ అనే వాడుక మనకు ఉంది కాబట్టి వదిలేద్దాం. ఆ రాత్రి నేను హైదరాబాద్ తరఫున గంతులేసినవాణ్ణి. మీ వరసలోని ఆ పెద్దావిడకు నా నమస్కారం చెప్పండి.

ఫతేమైదాన్ తాత

పిల్లలందరూ ఓడిన జట్ల గురించి రాస్తున్నారు. నేను గెలిచిన జట్టుతో పూరిస్తాను, చూడండి.

ఐదు రోవర్సు కప్పుల నందుకొనిన
హైదరాబాదు పోలీసు లాడునపుడు
ఏటికేఁడును బొంబాయి నెదిరిపక్ష
మోడిపోయిన జట్టుకే యుత్సవమ్ము

మెర్సీ మురిపెం

తాతగారూ, అర్థం కాలేదు. ఎదిరిపక్షం ఓడిపోతే, ఓడిపోయిన ఆ జట్టుకే ఉత్సవమా?

ఫతేమైదాన్ తాత

‘పోయిన’ దగ్గర ఒక్క క్షణం ఆగి చదువు నాయనా. అది ‘పోయినన్’. ఎదిరిపక్షము ఓడిపోయినన్, మన జట్టుకే ఉత్సవము. ముందున్న ‘జ’ సరళం, అందుకే ద్రుతం (చివరి నకారం) లోపించింది. అంతే.

పద్యప్రియ

అద్భుతం! సమస్యలో ఒక్క అక్షరం కదల్చకుండా అర్థం మొత్తం తిరగేశారు. హై–ఆ యతి కూడా చూడండి, హకారానికి అకారంతో మైత్రి. ‘పోలీసు లాడు’ అని అచ్చుకు చెల్లించారు.

నిర్వాహకుడు

మాస్టారూ, ఈ వారం శిరోభూషణం ఇదే. రెండో పాదం చివర ‘ఆడునపుడు + ఏటికేఁడును’ దగ్గర మాత్రం ఉత్వసంధి అడ్డొస్తుంది. ‘హైదరాబాదు పోలీసు లాట కేఁగ / నేటికేఁడును’ అంటే సాఫీగా సాగుతుందేమో. ఏ–ఎ యతికి ఇబ్బంది రాదు.

ఆ జట్టు గురించి మీ నోటితో వినాలని ఉంది.

ఫతేమైదాన్ తాత

సవరణ శిరోధార్యం. ‘ఆటకేఁగ’ అంటే బొంబాయి రైలు కూడా కళ్లముందుకొస్తుంది.

1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు మన హైదరాబాద్ సిటీ పోలీస్‌దే. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పూ తెచ్చారు. ఐదో రోవర్స్ నాటికి నాకు పదకొండేళ్లు. ఇంట్లో రేడియో లేదు. నాన్న వీధి చివర హోటల్లో ఉర్దూ పత్రిక చదివి వచ్చి, అరుగు మీద కూర్చుని మాకు తెలుగులో చెప్పేవారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ అని ఒక్కొక్క పేరూ పలికేటప్పుడు ఆయన గొంతులో దర్జా నాకిప్పటికీ వినిపిస్తుంది. వీధిలో అన్ని మతాల పిల్లలమూ ఉండేవాళ్లం. ఆ పేర్లు అందరివీ.

జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. వృత్తికి ఉపాధ్యాయుడు. బంతిని కాళ్ల దగ్గర ఉంచుకుని గిరికీలు కొట్టొద్దు, వెంటనే పక్కవాడికి అందించు అనేవారు. డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు ప్రత్యేకంగా పెట్టేవారు. మేమూ మా సందులో ఆ నియమంతోనే ఆడాం. రెండుసార్లు కంటే ఎక్కువ బంతి తాకితే ఫౌల్. అదే మనిషి దేశపు జట్టును 1951లో ఢిల్లీ ఏషియాడ్‌లో బంగారు పతకానికి, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962లో జకార్తాలో మళ్లీ బంగారానికి తీసుకెళ్లారు. జకార్తా నాటికే ఒంట్లో కేన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయారు. కడదాకా సిటీ పోలీస్ కోచ్ ఆయనే.

సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం కూడా మన పోలీస్ చొక్కా తొడిగినవాడే. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, ఆ గడ్డ మీదే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశాడు. ఆ వార్త చదివిన రోజు నా మనవణ్ణి అమ్ముగూడ తీసుకెళ్లి, ఇదిగో ఇక్కడే అని మైదానం చూపించాను.

కొచ్చి కోడలు

తాతగారూ, ఇది చదివి మా అబ్బాయికి వినిపించాను. వాడికి రెండు జట్లున్నాయి ఇప్పటినుంచి.

బెర్లిన్ బాటసారి

ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. పద్యం రాయడం ఇది మూడోసారి.

చనిన వారల బొమ్మలఁ జాచి పట్టి
నెత్తు రిచ్చియు నిలిపిన నేస్త మనుచు
నాల్గు గోలులు పడినను నవ్వినారు
ఓడిపోయిన జట్టుకే యుత్సవమ్ము

మా క్లబ్బు యూనియన్ బెర్లిన్. తూర్పు బెర్లిన్‌లో కోపెనిక్ అనే చోట, చెట్ల మధ్య చిన్న స్టేడియం. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చిన మొదటి చలికాలంలో, నాతో పనిచేసే ఒకాయన నన్ను తీసుకెళ్లాడు. అప్పటినుంచి వదల్లేదు.

2004లో క్లబ్బు దగ్గర డబ్బు అయిపోయి మూతపడే స్థితి వస్తే, అభిమానులు రక్తం ఇచ్చి, దానికొచ్చిన సొమ్మును క్లబ్బుకు కట్టారు. పద్యంలో ‘నెత్తురిచ్చి’ అన్నది అలంకారం కాదు. 2008లో స్టేడియం పాతబడిపోతే రెండు వేలకు పైగా అభిమానులు హెల్మెట్లు పెట్టుకుని తామే కట్టారు. మొత్తం లక్షా నలభై వేల గంటల శ్రమ, కూలి లేకుండా. ఇప్పుడు నేను నిలబడే మెట్టును ఎవరు పోశారో నా పక్కాయనకు తెలుసు, ఆ మెట్టు పోసినవాళ్లలో తనూ ఉన్నాడు. 2003 డిసెంబరులో ఎనభై తొమ్మిది మంది చప్పుడు చేయకుండా లోపలికి చేరి క్రిస్మస్ పాటలు పాడుకున్నారట. ఇప్పుడు ఏటా ఆ రాత్రికి స్టేడియం నిండిపోతుంది.

2019లో క్లబ్బు మొదటిసారి జర్మనీలోని పై లీగ్ బుందెస్‌లిగాకు చేరింది. ఆగస్టు 18న లైప్‌జిగ్‌తో తొలి మ్యాచ్. ఆట మొదలయ్యే ముందు స్టాండ్లలో పెద్ద పెద్ద ఫొటోలు లేచాయి. ఈ రోజు చూడాలని జీవితమంతా ఎదురుచూసి, చూడకుండా పోయిన అభిమానుల ముఖాలు. నాలుగు వందలకు పైగా. ఎవరి నాన్నో, ఎవరి అన్నో, ఎవరి స్నేహితురాలో. నా పక్కాయన భార్య ఫొటో పట్టుకున్నాడు. ఆయన చెయ్యి నొప్పెడితే కాసేపు నేను పట్టుకున్నాను. మ్యాచ్ 0–4తో ఓడిపోయాం. ఎవరూ కదల్లేదు. పాడుతూనే ఉన్నారు.

పద్యప్రియ

బాబూ, పద్యం కంటే ముందు కథ చదివాను. కాసేపటిదాకా గణాలు చూడబుద్ధి కాలేదు.

నిర్వాహకుడు

నాకూ అంతే. అయినా పద్యం నిలవాలి కాబట్టి చెబుతాను. మొదటి మూడు పాదాల్లో గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. చ–జా, నె–నే, నా–న. మూడోసారి రాసేవారికి ఇది చిన్న విషయం కాదు. దోషం ఒక్కచోటే. ‘నవ్వినారు’ తర్వాత ‘ఓడి’ వచ్చింది. ఉత్వసంధి నిత్యం, ‘నవ్వినా రోడి’ అయిపోతుంది, పాదానికి ఒక అక్షరం తగ్గుతుంది. ‘నవ్వుచుండ’ అనండి, ‘నవ్వుచుండ నోడిపోయిన’ అని కలుస్తుంది.

ఫతేమైదాన్ తాత

నవ్వినారు అంటే ఆ రోజుతో అయిపోయినట్టు. నవ్వుచుండ అంటే ఆ బొమ్మల్లోని వాళ్లు కూడా నవ్వుతున్నట్టు వినిపిస్తోంది నాకు. అలాగే మార్చు నాయనా.

బెర్లిన్ బాటసారి

తాతగారూ, గురువుగారూ, మార్చాను.

చనిన వారల బొమ్మలఁ జాచి పట్టి
నెత్తు రిచ్చియు నిలిపిన నేస్త మనుచు
నాల్గు గోలులు పడినను నవ్వుచుండ
నోడిపోయిన జట్టుకే యుత్సవమ్ము

ఈ శనివారం మ్యాచ్‌కు వెళ్లినప్పుడు నా పక్కాయనకు చదివి వినిపించి, జర్మన్‌లో అర్థం చెప్పాను. మొదటి పాదం ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాగితం మీద తెలుగులో రాసివ్వమని అడిగాడు, ఇంట్లో ఆ ఫొటో వెనకాల పెట్టుకుంటాడట. టికెట్టు వెనక రాసిచ్చాను, అరసున్నలతో సహా.