సరిహద్దు దాటిన ఖాళీ సీసాకు డిపాజిట్ ఎవరివ్వాలి?

నమస్కారం. నేను జర్మనీలోని ఆఖెన్‌లో ఉంటాను. నెదర్లాండ్స్ సరిహద్దు ఇక్కడికి కూతవేటు దూరం. ఈ రెండు దేశాల్లోనూ సీసా కొనేటప్పుడు కొంత డిపాజిట్ కడతాం; ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో పెడితే ఆ సొమ్ము తిరిగొస్తుంది. కానీ అక్కడి మాస్ట్రిక్ట్‌లో కొన్న చిన్న నీళ్ల సీసాను ఇక్కడి యంత్రంలో పెడితే, బార్‌కోడ్ చూసి వెనక్కి నెట్టేస్తుంది. అక్కడ దాని డిపాజిట్ 15 సెంట్లు, ఇక్కడ 25. చివరికి సీసా చెత్తబుట్టలో పడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

2029 నాటికి ప్లాస్టిక్ సీసాలు, లోహపు డబ్బాల్లో 90 శాతం విడిగా సేకరించాలన్నది యూరోపియన్ యూనియన్ నిబంధన. గమ్యం ఒకటే అయినా ఎవరి దారి వారిదే.

ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాల్లో డిపాజిట్ ఒకటే, 10 సెంట్లు. అక్కడ ఒక దేశపు సీసాను పక్క దేశం తీసుకుంటుందా? తీసుకుంటే ఆ సొమ్ము లెక్క ఎలా తేల్చుకుంటారు? మా ప్రాంతం తరఫున వినతిపత్రం రాస్తున్నాను. అక్కడ ఉంటున్నవారు, ఈ రంగంలో పనిచేసేవారు దయచేసి చెప్పండి.