పిలకాయల చేతిలో ఫోను: లాక్కోకుండా తగ్గించేది ఎట్టా?

కావలి_అమ్మ:
ఇంట్లో ఇద్దరు పిలకాయలు. పెద్దోడికి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. పాప ఫోను చూపిస్తే తప్ప ముద్ద మింగదు. పెద్దోడికి హోంవర్కు బడి వాట్సాప్ గ్రూపులో వస్తుంది. అది చూసి రాసుకుంటానని ఫోను తీసుకుపోతాడు, కాసేపటికి యూట్యూబ్ షార్ట్స్‌లో తేలతాడు. పిల్లలకంటూ వేరే ఫోను లేదు, ఇంట్లో ఉన్నవి నాదీ, వాళ్ల నాయనమ్మదే. లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తారు, ఆ ఏడుపు చూడలేక వాళ్ల నాయనమ్మ తన ఫోను ఇచ్చేస్తుంది.

పిల్లల ఫోనుకి హద్దులు పెట్టే గూగుల్ యాప్, ఫ్యామిలీ లింక్, వేసుకోమంటున్నారు. వేస్తే నిజంగా ఆగుతారా? ఏ వయసుకి ఎంతసేపు అన్నది కూడా ఎవరైనా కచ్చితంగా చెప్పండి. సెలవులు దగ్గర పడ్డాయి, పొద్దున పది దాటితే మన ఎండకి బయటికి పంపే పని లేదు.

పెన్నా_గట్టు:
ఇప్పుడున్న పద్ధతిలో ఫ్యామిలీ లింక్ మీకు పని చేయదు. అది కాపలా కాసేది పిల్లవాడి పేరున తెరిచిన గూగుల్ ఖాతాకి, ఆ ఖాతా ఉన్న ఫోనుకి. మీవాడు చూస్తున్నది మీ ఫోన్లో, మీ జీమెయిల్ మీద. బీరువాలో పాత ఆండ్రాయిడ్ ఫోను పడి ఉంటే దాన్ని రీసెట్ చేసి, సిమ్ వేయకుండా, అసలు పుట్టినతేదీతో వాడికి ఖాతా తెరిచి వైఫై మీద ఇవ్వండి. అప్పుడు రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి మూతపడాలి, ఏ యాప్ దించుకోవచ్చు అన్నీ మీ ఫోను నుంచే పెట్టొచ్చు. ఒక కంత ఉంది. యూట్యూబ్ యాప్‌కి మాత్రం గంట పెట్టి క్రోమ్‌ని వదిలేస్తే, క్రోమ్‌లో అదే సైటు తెరుచుకుంటారు. ఆ సైటుని కూడా ఫ్యామిలీ లింక్‌లో ఉండే క్రోమ్ సెట్టింగుల్లో ఆపాలి.

పాత ఫోను లేదంటే మీ ఫోన్లోనే ఈ మార్పులు చేసుకోండి, పావుగంట పని.

యూట్యూబ్‌లో చూసిన వీడియోల హిస్టరీని తుడిచేసి, ఇకమీద నమోదు కాకుండా ఆపేయండి. అట్టా చేస్తే మొదటి పేజీ ఖాళీ అయిపోతుంది, వెతికితేనే వీడియో వస్తుంది. పిల్లలు వెతికి చూసేది తక్కువ, ఎదురొచ్చింది చూసేదే ఎక్కువ కాబట్టి సగం రోగం ఇక్కడే కుదురుతుంది. వీడియో మీద కనిపించే ఆటోప్లే మీట కూడా ఆపండి.

పాపకి ఇచ్చేటప్పుడు యాప్ పిన్నింగ్ వాడండి, అంటే తెరిచిన యాప్ దాటి బయటికి పోనీయని తాళం. సెట్టింగుల్లో సెక్యూరిటీ కింద ఉంటుంది, కనపడకపోతే పైన వెతుకుడు పెట్టెలో ‘పిన్’ అని కొట్టండి. తీసేముందు పిన్ అడగాలి అన్న గడి కూడా టిక్ చేయాలి. చాలామంది అది మర్చిపోతారు, పిల్లలు రెండు బటన్లు కలిపి నొక్కి బయటికొచ్చేస్తారు.

యూట్యూబ్ కిడ్స్ పెడితే తాళం గుర్తు దగ్గర సొంత పాస్‌కోడ్ పెట్టుకోండి. పెట్టకపోతే అది గుణకారం లెక్క అడుగుతుంది. నాలుగో తరగతి పిల్లోడికి ఏడెనిమిదులు అడ్డమా!

చివరిది డబ్బు సంగతి. డబ్బు కట్టే యాప్‌లో యూపీఐ లైట్ ఉంటే తీసేయండి. వెయ్యి రూపాయల లోపు చెల్లింపుకి అది పిన్ అడగదు, అందులో ఐదు వేల దాకా ఉంచుకోవచ్చు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేట్టు పెట్టండి. మోసంలో డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగితే తిరిగొచ్చే దారి సన్నగిల్లుతుంది.

పొదలకూరు_నిమ్మ:
ఎంతసేపు అన్నదానికి: రెండేళ్ల లోపు అసలు వద్దు, ఊళ్లో లేని వాళ్లతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకి గంట మించొద్దు, అదీ పెద్దవాళ్లు పక్కన కూర్చుని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో నాలుగేళ్ల దాకా గంటే హద్దు అంది. మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకి రెండు గంటల లోపు అంటోంది. టీవీ కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

గంటల కంటే ముందు పాప అన్నం సంగతి చూడండి అక్కా. బొమ్మ చూస్తూ తినే బిడ్డకి కడుపు నిండిందీ తెలియదు, రుచీ తెలియదు. మన ఇళ్లలో ఇంకో భయం, చేపల పులుసు. కళ్లు ఫోన్లో ఉన్న పిల్లకి నాలుక్కి ముల్లు తగిలినా ఉమ్మాలని తోచదు. ఫోను మానిపించే రోజుల్లో కొరమీనో వంజరమో పెట్టండి, ముళ్లు తక్కువ. ముక్కని పాప ఎదురుగానే వేళ్లతో విడదీసి, ముల్లు తీసి చూపించి పళ్లెం అంచున పెట్టండి. రెండో రోజుకి తనే వెతకడం మొదలుపెడుతుంది. అదే ఆట, తిండి కూడా అందులోనే అయిపోతుంది.

అన్నానికి ముందు మూడు గంటలు పాలు, బిస్కెట్లు వద్దు, మంచినీళ్లు చాలు. ఆకలి లేని బిడ్డకే ఫోను కావాలి. చిన్న పళ్లెంలో నాలుగైదు ముద్దలే పెట్టండి, అడిగితే ఇంకా పెట్టొచ్చు. అరగంట దాటితే తిన్నా తినకపోయినా పళ్లెం తీసేయండి, వెంటబడొద్దు. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇక్కడే అందరూ జారిపోతారు. అరగంట ఏడ్చాక ఫోను ఇస్తే, అరగంట ఏడిస్తే వస్తుందని మనమే నేర్పినట్టు. ఇవ్వదలుచుకుంటే ఏడవకముందే ఇవ్వాలి, లేదంటే అసలు ఇవ్వకూడదు. పాప బరువు తగ్గుతున్నా, పెరగాల్సినంత పెరగకపోయినా ఈ పద్ధతి పక్కనబెట్టి పిల్లల డాక్టరుకి చూపించండి.

ఒంగోలు_గిత్త:
పైన అన్న చెప్పిన తాళాలన్నీ సరే గానీ, తొమ్మిదేళ్ల వాడి దగ్గర తాళం ఎన్నాళ్లు? మీరు పిన్ కొట్టేటప్పుడు వెనక నిలబడితే చాలు. హాల్లో స్మార్ట్ టీవీ ఉంటే ఫ్యామిలీ లింక్ పెట్టిన గంటలు దానిమీద నడవవు, ఫోను మూయగానే రిమోట్ అందుకుంటాడు.

హోంవర్కుని ఫోను నుంచి విడదీయండి. సాయంత్రం గ్రూపులో వచ్చింది మీరే చూసి, ఒక రఫ్ నోట్సులో రాసి టేబుల్ మీద పెట్టండి, రెండు నిమిషాలు పట్టదు. వాడు ఆ కాగితం చూసి చేస్తాడు. ఫొటో తీసి పంపేది మళ్లీ మీరే. ఇంత చిన్న పని చేయలేక ఫోను మొత్తం అప్పజెప్పేస్తున్నాం.

ఇంకోటి. ‘పది నిమిషాల్లో ఆపెయ్’ అనొద్దు. పాపకి పది నిమిషాలంటే ఏంటో తెలియదు. పెద్దోడికి తెలుసు, కానీ ఆట నడుమ ఆపితే ఓడిపోతాడు, అందుకే అరుపులు. ‘ఈ పాట అయ్యాక’, ‘ఈ ఒక్క ఆట అయ్యాక’ అని మొదలుపెట్టేముందే చెప్పండి. షార్ట్స్‌కి చివరంటూ ఉండదు, కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉంటాయి. అందుకని వాడికి పెద్ద వీడియోలే పెట్టండి. అయిపోయినప్పుడు ఫోను వాడే తెచ్చి మీ చేతికివ్వాలి, మీరు లాగొద్దు.

రాత్రి ఇంట్లో ఫోన్లన్నీ, మీవి కూడా, హాల్లో ఒకే చోట ఛార్జింగులో ఉండాలి. అలారానికి ఫోను కావాలంటారు, గంట కొట్టే గడియారం కొనుక్కోండి.

కావలి_అమ్మ:
హోంవర్కు రాసివ్వడం ఈ రోజే మొదలుపెడతా. వాళ్ల నాయన కువైట్ నుంచి రాత్రి తొమ్మిదిన్నరకి వీడియో కాల్ చేస్తారు, పడుకునే వేళ అది. అదీ మానేయాలా? నాయనమ్మ ఫోను సంగతేంది? ఆమెకి చెబితే నొచ్చుకుంటుంది.

పొదలకూరు_నిమ్మ:
వీడియో కాల్ మానొద్దు. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, మన తొమ్మిదిన్నరకి అక్కడ ఏడు. ఆయన డ్యూటీ కుదిరితే మన ఎనిమిదికి మార్చమనండి. కుదరకపోతే కాల్ కాగానే ఫోను హాల్లోకి పోవాలి, అంతే.

పెద్దావిడకి వద్దు అని చెబితే కుదరదు, ఇంకో పని అప్పజెప్పాలి. పాప ఏడిస్తే ఇవ్వడానికి ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. వామనగుంటల పీట, చింతపిక్కలు ఆమె దగ్గరే పెట్టండి. పద్నాలుగు గుంటలు, లెక్కపెట్టి పంచడం పాపకి వస్తుంది, పెద్దోడు పోటీకి దిగుతాడు. పాప పిక్కలు నోట్లో పెట్టుకోకుండా మాత్రం చూడమనండి.

పెన్నా_గట్టు:
సెలవులకి ఒక మాట. ఫోను టైము పొద్దున్నే ఇవ్వొద్దు, ఇస్తే రోజంతా ‘ఇంకొంచెం’ అనే బేరమే. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా బయట ఆడనీయండి, మధ్యాహ్నం రెండింటికి ఫోను, ఐదు తర్వాత మళ్లీ బయటికి. ఎండ వెలుగులో ఆడే పిల్లలకి దగ్గరిచూపు రోగం తక్కువ వస్తుంది. ఫోను చూసేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమనండి, ఎదురింటి కొబ్బరిచెట్టు చాలు.

పెద్దోడికి ఫోనుతో ఒక పని కూడా అప్పజెప్పండి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఎప్పుడో ఇస్రో సైటులో వాడే వెతికి క్యాలెండర్ మీద రాయాలి. ఆ రోజు కౌంట్‌డౌన్ లైవ్ పెట్టుకుని డాబా ఎక్కండి, మీ కావలి నుంచి దక్షిణం వైపు చూడాలి. మబ్బు లేకపోతే, రాత్రి పూటైతే మరీ, నిప్పు తోక దూరానికీ కనిపిస్తుంది. లైవ్ వీడియో కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది, కాబట్టి సున్నా దగ్గర పడగానే ఫోను జేబులో పెట్టి తల పైకెత్తమనండి.