రిచ్‌మండ్ ఆడవాళ్లది నిరసనా, దోపిడీనా?

పాతలెక్క:
అమెరికా అంతర్యుద్ధంలో, 1863 ఏప్రిల్ 2న, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల రాజధాని రిచ్‌మండ్‌లో వందలమంది ఆడవాళ్లు గొడ్డళ్లు, కత్తులు పట్టుకుని కొట్ల మీద పడ్డారు. దాన్ని 'రొట్టెల తిరుగుబాటు' అని మెచ్చుకుంటారు. రొట్టె కావాలన్నవాళ్లు బూట్లెందుకు ఎత్తుకెళ్లారు?

మల్లి:
బూట్లు సరే, ముందు సంగతి చూడండి. 1862 నుంచీ మగాళ్లను బలవంతంగా సైన్యంలోకి లాగుతున్నారు. ఇరవైమంది బానిసలున్న తోటకు మాత్రం ఒక తెల్లవాడికి మినహాయింపు! నోటుకి విలువ పోయింది, పంటకు సైన్యమే ధర కట్టి పట్టుకుపోతోంది. ముందురోజు చర్చిలో కూడి మాట్లాడుకుని, గవర్నర్ లెచర్ దగ్గరికి వెళ్లి అడిగి, ఏమీ దొరక్కే కొట్ల మీదికి వెళ్లారు. దక్షిణాది అధ్యక్షుడు డేవిస్ వచ్చి జేబులో చిల్లర విసిరి, అయిదు నిమిషాల్లో కదలకపోతే కాల్పిస్తానన్నాడు.

వెన్నెల22:
ఆ చిల్లర సంగతి చదివితే కడుపు మండుతుంది.

పాతలెక్క:
బూట్ల గురించి ఎవరూ చెప్పరు.

నీలిసిరా:
అదే ఏడాది జులైలో, లింకన్ పాలనలోని ఉత్తరాదిలో, సైన్యంలోకి లాగుతున్నందుకు న్యూయార్క్‌లో గుంపు చేసిన అల్లర్ల సంగతో? 300 డాలర్లు కడితే సైన్యం తప్పేది, పేదవాడు ఎక్కడ తెస్తాడు? కోపం న్యాయమైందే. కానీ ఆ గుంపు నల్లపిల్లల అనాథాశ్రమం తగలబెట్టింది. పిల్లలు రెండొందలకు పైనే, బయటపడబట్టి బతికారు.

మల్లి:
అది నిరసన కాదు, హత్యాకాండ.

పాతలెక్క:
చూశారా! డేవిస్ మీద పడితే నిరసన, లింకన్ మీద పడితే హత్యాకాండ. యుద్ధం వద్దని ప్రసంగించినందుకు ఉత్తరాది రాజకీయ నాయకుడు వలాండిగమ్‌కి సైనిక కోర్టు శిక్ష వేస్తే, లింకన్ ఆయన్ని దక్షిణాదికి వెళ్లగొట్టాడు. దానికేమంటారు?

మల్లి:
తప్పే అంటాను, నోరు మూయించడం ఎవరు చేసినా తప్పే. కానీ న్యూయార్క్‌లో దీపస్తంభాలకు వేలాడదీసింది లింకన్‌ని కాదండీ, దారినపోయే నల్లవాళ్లని. వాళ్లు ఎవరినైనా సైన్యంలోకి లాగారా? కోపం ప్రభుత్వం మీదైతే ప్రభుత్వం మీదే చూపాలి.

పాతలెక్క:
మరి రిచ్‌మండ్ కొట్టువాడు ప్రభుత్వమా? మా నాన్నది చెప్పుల కొట్టు. ఆయనకు ఏ సంబంధమూ లేని గొడవలో ఒక గుంపు వచ్చి అద్దాలు పగలగొట్టి అరలు ఖాళీ చేసింది. జతలో ఒక్కోటి ఊడి రోడ్డు మీద పడి ఉంటే, ఆయన ఏరుకుంటూ కూర్చున్నాడు. దాన్ని పోరాటం అన్నారు.

మల్లి:
అది ముందే చెప్పాల్సింది, నేను వేరేలా అనుకున్నాను. మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. అయినా రిచ్‌మండ్‌లో వ్యాపారులు సరుకు దాచి ధరలు పెంచుతున్నారనే కదా ఆ ఆడవాళ్లు నమ్మింది.

పాతలెక్క:
మా నాన్న గురించీ అదే నమ్మారండీ.